పుట్టుకా, స్వభావమా, కోరికా: మీ ఫ్యాంటసీ కథలో శక్తి ఎక్కడి నుంచి రావాలి?

ఫ్యాంటసీ నవల మొదలుపెట్టినవాళ్ళు ముందు మ్యాపు గీసుకుంటారు. రాజ్యాలకు పేర్లు పెడతారు, కత్తులకు కూడా పేర్లు పెడతారు. ఒక్క ప్రశ్నను మాత్రం పదో ఎపిసోడ్ దాకా వాయిదా వేస్తారు: ఈ శక్తి ఈ పిల్లకే ఎందుకొచ్చింది, పక్కింటి పిల్లకు ఎందుకు రాలేదు? ఈలోగా చదివేవాళ్ళు అడగడం మొదలుపెడతారు. అప్పుడు హడావుడిగా ఒక పూర్వజన్మో, ఒక శాపమో, అటక మీద దొరికిన తాళపత్రమో తెచ్చి అతికిస్తారు. ఆ అతుకు కనబడుతూనే ఉంటుంది.

తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ ఫోన్‌లోనే సీరియల్స్ రాసేవాళ్ళు కొందరు నాకు తెలుసు. వాళ్ళ డ్రాఫ్టులు చదివి పెడుతుంటాను. దాదాపు అందరిదీ ఇదే ఇబ్బంది కాబట్టి, ఉన్న దారులేంటి, ఏది ఎలాంటి కథకు సరిపోతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాను. నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను: శక్తికి రూపం పాత్ర స్వభావం నుంచి రావాలి, దాని ఖరీదు పాత్ర కోరిక నుంచి రావాలి. అయితే ప్రతి కథకూ ఇంత బరువు అక్కర్లేదు. పది పేజీల కథకు ఇదంతా పెడితే కథ కుంగిపోతుంది.

పోలిక సులువుగా ఉండాలంటే ఒకే పాత్రను అన్ని దారుల్లోనూ నడిపి చూడాలి. పేరు మునిలక్ష్మి అనుకుందాం. ఊరు చంద్రగిరి, వయసు 19. కోటకు పోయే దారిలో జేజితో (అవ్వతో) కలిసి పూల అంగడి నడుపుతుంది. ఆమె గుణం ఒకటే చెప్తాను: ఎవరేమన్నా మరిచిపోదు. చిన్నప్పుడు పెద్దమ్మ అన్న మాటను, ఆ పూట పెద్దమ్మ కట్టుకున్న చీర రంగుతో సహా అప్పజెప్తుంది. ఆమె కోరిక కూడా ఒకటే. అలిగి ఇల్లు వదిలి వెళ్ళిన తమ్ముడు తిరిగి రావాలి.

మన పాత లెక్క ఒకటి

పతంజలి యోగసూత్రాల్లో నాలుగో పాదం ఈ లెక్కతోనే మొదలవుతుంది. సిద్ధులు, అంటే అసాధారణ శక్తులు, జన్మ వల్ల, ఓషధుల వల్ల, మంత్రం వల్ల, తపస్సు వల్ల, సమాధి వల్ల కలుగుతాయని మొదటి సూత్రం. ఈ రోజు వచ్చే ఫ్యాంటసీ నవలల్లోని పద్ధతులు చాలావరకు ఈ ఐదింట్లో ఎక్కడో ఒకచోట ఇమిడిపోతాయి. రక్తంలో ఉన్న శక్తి జన్మ. మందు తాగితే వచ్చేది ఓషధి. గురుకులంలో నేర్చుకునేది మంత్రం.

ఆ పట్టికలో స్వభావం లేదు, కోరిక కూడా లేదు. పతంజలి దారులు చెప్పాడంతే. ఆ దారిలో ఎవరు నడుస్తారు, ఎందుకు నడుస్తారు అన్నది కథ రాసేవాళ్ళ పని. భారతంలో కుంతికి దుర్వాసుడిచ్చిన మంత్రం చూడండి. పెళ్ళికి ముందు కుంతి దాన్ని వాడింది కుతూహలం కొద్దీ, పనిచేస్తుందా లేదా చూద్దామని. కర్ణుడు పుట్టాడు. తర్వాత పాండురాజు అడిగితే అదే మంత్రాన్ని ఒక్కసారి వాడుకోమని మాద్రికి ఇచ్చింది. మాద్రి జంట దేవతలైన అశ్వినులను తలుచుకుని ఒక్క పిలుపుతో ఇద్దరు కొడుకులను కన్నది. తనను బోల్తా కొట్టించిందని కుంతికి కోపమొచ్చి రెండోసారి ఇవ్వనంది. మంత్రం ఒకటే, అక్షరం తేడా లేదు. కుతూహలంతో వాడితే ఒకటి జరిగింది, లౌక్యంతో వాడితే ఇంకొకటి జరిగింది. మీ నవలలో మంత్రాల జాబితా రాసే ముందు ఈ ఘట్టం ఒకసారి చదవండి.

పుట్టుకతో వచ్చే శక్తి

అన్నిటికన్నా తేలికైన దారి ఇది. వివరణ అక్కర్లేదు, పాఠకుడు వెంటనే ఒప్పుకుంటాడు. కర్ణుడు కవచకుండలాలతో పుట్టాడంటే ఎందుకని ఎవరూ అడగరు.

కానీ కవచం వల్ల కర్ణుడి కథ ఎక్కడ పండిందో గమనించండి. అది ఒంటి మీద ఉన్నప్పుడు కాదు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడిగితే, మోసమని తెలిసీ కోసి ఇచ్చినప్పుడు. బదులుగా ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే శక్త్యాయుధం వచ్చింది. దాన్ని అర్జునుడి కోసం దాచుకుంటే, యుద్ధంలో పద్నాలుగో రోజు రాత్రి ఘటోత్కచుడి మీద ప్రయోగించక తప్పలేదు. ఘటోత్కచుడిది కూడా పుట్టుకతో వచ్చిన శక్తే. చీకటి పడితే రాక్షసుల బలం పెరుగుతుంది. పుట్టుకతో వచ్చిన ఒక శక్తిని ఇచ్చి తెచ్చుకున్న ఆయుధం, పుట్టుకతో వచ్చిన ఇంకో శక్తిని ఆపడానికి ఖర్చయిపోయింది. ఈ గొలుసు చాలు ఒక నవలకు. కాబట్టి ఈ దారి ఎంచుకుంటే శక్తి బయటపడే సన్నివేశం కంటే దాన్ని దాచే సన్నివేశం, పోగొట్టుకునే సన్నివేశం గట్టిగా రాయండి.

ఇందులో ఒక ప్రమాదం ఉంది, అది మన దగ్గర మరీ ఎక్కువ. 'రక్తంలోనే ఉంది', 'వంశంలోనే ఉంది' అన్న మాటలు మన నేల మీద అమాయకంగా వినబడవు. గొప్ప వంశంలో పుట్టినవాళ్ళకే శక్తి, మిగతావాళ్ళు చేతులు కట్టుకుని నిలబడాలి అని మీరు రాస్తే, మీకు ఆ ఉద్దేశం లేకపోయినా చదివేవాడికి అది కులంలాగే కనిపిస్తుంది. ఏకలవ్యుడి బొటనవేలు తెలిసిన పాఠకులు వాళ్ళు. 'చివర్లో హీరో అసలు రాజకుమారుడని తెలుస్తుంది' అన్న మలుపు నాకు ఇప్పుడు చదవబుద్ధి కావడం లేదు, నిజం చెప్పాలంటే. వంశం తప్పదనుకుంటే, ఆ నమ్మకం వల్ల లాభపడుతున్నది ఎవరో కథలో ఎవరో ఒకరి చేత అడిగించండి. లేదా శక్తి వంశాన్ని బట్టి కాకుండా మనిషిని బట్టి పుట్టేలా పెట్టండి. ఒకే ఇంట్లో అక్కకు ఉంటుంది, తమ్ముడికి ఉండదు. తగువు అక్కడే మొదలవుతుంది.

మునిలక్ష్మికి ఈ దారి పెట్టి చూశాను. నుదుటి మీద మచ్చ, పుట్టినప్పుడు పిడుగు, మంత్రసాని భయం, ఇలా అన్నీ వచ్చాయి. ఆమె మరిచిపోని గుణానికి మాత్రం పని దొరకలేదు. తమ్ముడి ఊసు పక్కకు పోయింది. మునిలక్ష్మిని తీసేసి వేరే ఎవర్ని పెట్టినా ఆ కథ అలాగే నడుస్తుంది.

నేర్చుకునే విద్య

దీని మీద ఎక్కువ చెప్పను. బడి కథలకు బాగుంటుంది, స్నేహాలు, పోటీలు, పరీక్షలు తేలిగ్గా వస్తాయి. కాకపోతే మనవాళ్ళు రాసేసరికి ఆ మాయల బడి ఎంసెట్ కోచింగ్ హాస్టల్ అయి కూర్చుంటుంది. వార్డెన్, స్టడీ అవర్స్, ర్యాంకులు, టెన్షన్. అదే రాయాలనుకుంటే భేషుగ్గా రాయండి, మంచి వ్యంగ్యం అవుతుంది. పరశురాముడి దగ్గర అబద్ధం చెప్పి నేర్చుకున్న అస్త్రం అవసరానికి గుర్తు రాకుండా పోవడం లాంటి మెలిక ఒకటి ఉంటేనే ఈ దారి లోతుకు పోతుంది. ఎలా నేర్చుకున్నావన్నది ఎంత నేర్చుకున్నావన్నదాన్ని చెడగొట్టాలి.

స్వభావాన్ని బట్టి వచ్చే శక్తి

శ్రీకాళహస్తి స్థలపురాణం మనందరికీ తెలిసిందే. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. ముగ్గురిదీ ఒకే భక్తి. సాలెపురుగు తన దారంతో శివుడికి గుడి కట్టింది. పాము పాతాళం నుంచి మణులు తెచ్చి అలంకరించింది. ఏనుగు తొండంతో నీళ్ళు తెచ్చి కడిగి, మారేడు దళాలు పెట్టింది. ఎవరి ఒంటికి ఏది చేతనవునో అదే పూజ అయింది. వేటగాడైన తిన్నడు అక్కడే మాంసం నైవేద్యం పెట్టాడు, నోటితో నీళ్ళు తెచ్చి అభిషేకం చేశాడు. కన్నప్ప అయ్యాడు.

స్వభావం దారిలో రాయాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. ముఖ్యంగా పాముకూ ఏనుగుకూ మధ్య జరిగింది. పాము పెట్టిన మణులు ఏనుగుకు చెత్తలా కనిపించాయి, కడిగి పారేసింది. ఏనుగు పెట్టిన ఆకులు పాముకు చెత్తలా కనిపించాయి. చివరికి పాము తొండంలో దూరింది, రెండూ చచ్చాయి. ఇద్దరిలో దుర్మార్గులెవరూ లేరు, ఇద్దరి కోరికా ఒకటే. స్వభావాలు వేరు కావడం వల్ల ఒకరి పూజ ఇంకొకరికి అపచారం అయింది. మీ కథలో విలన్ అంటూ ప్రత్యేకంగా ఎవరూ లేకపోయినా యుద్ధం జరిపించొచ్చని ఇది చెప్తుంది. ఒకే కోరిక, రెండు స్వభావాలు, అంతే.

ఈ దారిలో అందరూ పడే గుంట ఒకటుంది. కోపిష్టికి నిప్పు, శాంతమూర్తికి నీళ్ళు, మొండివాడికి రాయి, చపలచిత్తుడికి గాలి. సత్వ రజస్తమో గుణాలను తీసుకొచ్చి మూడు పెట్టెలు చేసి పాత్రలను అందులో సర్దేసినా ఇదే గతి. చదివేవాడికి రెండో పేజీలోనే ఎవరికి ఏమొస్తుందో తెలిసిపోతుంది. స్వభావానికీ శక్తికీ సంబంధం కాస్త పక్కదారిలో ఉండాలి. దానికి నేను వాడే పద్ధతి ఇది: ఆ గుణం వల్ల ఆ మనిషికి రోజూ జరిగే నష్టం ఏంటో రాసుకోండి, శక్తిని ఆ నష్టంలోంచి తీయండి. ఎవరినీ కాదనలేని మొహమాటస్తుడు ఉన్నాడనుకోండి. అతనికి రోజూ జరిగే నష్టం, ఎవరెవరి బరువులో వచ్చి అతని భుజాన పడటం. అయితే అతని శక్తి కూడా అదే: ఎదుటివాళ్ళ గాయం, జ్వరం, దుఃఖం తన ఒంటి మీదికి తీసుకోగలడు. వద్దని చెప్పడం మాత్రం చేతకాదు.

మునిలక్ష్మికి ఇలా చేస్తే ఏమొచ్చిందో చూడండి. మాట మరిచిపోకపోవడం వల్ల ఆమెకు జరిగే నష్టం, ఎవరితోనూ పొసగకపోవడం. ఎవరైనా మాట తప్పితే ఆమెకు నిద్ర పట్టదు. దాంట్లోంచి వచ్చే శక్తి: ఆమె చెవిన పడిన మాటను అన్నవాళ్ళు తప్పలేరు. కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చెయ్యమంటే గొంతు తడారిపోయేవాళ్ళు మా వైపు ఇప్పటికీ ఉన్నారు. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు, తిరుపతి వేరువేరు జిల్లాలయ్యాయి గానీ ఆ భయం రెండు వైపులా అలాగే ఉంది. కాబట్టి ఈ శక్తిని ఇక్కడి పాఠకులకు ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. సన్నివేశం ఇలా రాశాను:

పొద్దు గుంకింది. సుబ్బన్న మామ రెండు మూరల కనకాంబరాలు ఆకులో పొట్లం కట్టించుకున్నాడు.

"దుడ్లు రేపు సందకాడ ఇస్తా మే."

"మామా, ఆ మాట అనొద్దు. ఉన్నప్పుడు ఇస్తానను."

"ఏం, రేపిస్తానంటే నమ్మవా?"

"నమ్మకేం. అంటే ఇయ్యాల్సొస్తాది."

మామ నవ్వేసి పోయాడు. మర్నాడు ఆయన పుత్తూరులో కూతురింట్లో ఒళ్ళు కాలిపోయే జ్వరంతో పడుకుని ఉన్నాడు. సందకాడ అంగడి ముందర నిలబడి ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు. పిడికిట్లో నోట్లు తడిసి ముద్దయినాయి. ఎట్లొచ్చినాడో ఆయనకే తెలీదు.

జేజి ఆ దుడ్లు తీసుకోలేదు. ఆయన్ని కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, లోపలికొచ్చి చిన్నగా అనింది: "ఇంగ ఎవురి దగ్గిరా మాట తీసుకోబాక మే."

ఇక్కడ మంత్రం లేదు, వెలుగు లేదు, గాలి వీచలేదు. ఆమె స్వభావం ఆమె అంగడిలోనే పనిచేసింది. ఈ దారిలో ఉన్న లాభం అదే. కథ మొదట్లోనే మనిషినీ శక్తినీ ఒకే సన్నివేశంలో చూపించేయొచ్చు.

ఒక్కటి మాత్రం రాయడం మొదలెట్టే ముందే తేల్చుకోవాలి. పాత్ర మారితే శక్తి మారుతుందా? పిరికివాడు ధైర్యవంతుడైతే పిరికితనంతో వచ్చిన శక్తి ఉంటుందా, పోతుందా? రెండు జవాబుల్లో ఏదైనా ఫర్వాలేదు. జవాబు లేకపోతే సగం నవల తర్వాత చిక్కుకుపోతారు.

కోరికను బట్టి వచ్చే శక్తి

ఇది అన్నిటికన్నా ఊపున్న దారి, అన్నిటికన్నా తొందరగా చేయి జారిపోయేదీ ఇదే. ఎవరు గట్టిగా కోరుకుంటే వాళ్ళకే బలం అని ఒక్క వాక్యంలో రాసేస్తారు. బాగానే ఉంది. విలన్ కూడా గట్టిగానే కోరుకుంటాడు కదా? ఇద్దరిలో ఎవరి కోరిక గట్టిదో తూచేది ఎవరు? రచయితే. పాఠకుడు అది పసిగట్టేస్తాడు. చివరి పోరాటంలో హీరో కళ్ళు మూసుకుని అమ్మను తలుచుకోగానే బలం రెట్టింపు కావడం ఎన్ని సీరియల్స్‌లో చదివానో లెక్క లేదు.

విశ్వామిత్రుడి కథ దీనికి మందు. రాజుగా వసిష్ఠుడి ఆశ్రమానికి వెళ్ళి ఆవును చూశాడు, కావాలన్నాడు. ఇవ్వనంటే సైన్యంతో లాక్కోబోయాడు. తపస్సు చేసి అస్త్రాలు తెచ్చాడు, వసిష్ఠుడి బ్రహ్మదండం వాటన్నిటినీ మింగేసింది. అక్కడి నుంచి కోరిక మారిపోయింది. ఆవు సంగతి ఎవరికీ గుర్తు లేదు, ఇప్పుడు బ్రహ్మర్షి కావాలి. తపస్సు పెరిగిన ప్రతిసారీ ఒక కన్నం పడింది. మేనక దగ్గర కామం వల్ల పోయింది, రంభను శపించి కోపం వల్ల పోయింది. అతన్ని నడిపిన ఆ తీవ్రతే అతని తపస్సును తినేసింది. ఆఖరికి కావాల్సింది ఆయుధం కూడా కాదు, వసిష్ఠుడి నోట బ్రహ్మర్షి అన్న పిలుపు. కోరిక కథ పొడుగునా మారుతూ, పెరుగుతూ, ఖర్చవుతూ ఉండటం ఇదీ. వంద ఎపిసోడ్లు రాయాలనుకునేవాళ్ళకు దీన్ని మించిన నమూనా లేదు. కోరిక ఒక్కటే అయి, అది కదలకుండా కూర్చుంటే, అది తీరకుండా ఆపడమే మీ పనైపోతుంది. వారం వారం కొత్త అడ్డంకి కనిపెట్టాలి.

వరాల కథల్లో ఇంకో కిటుకు ఉంది. హిరణ్యకశిపుడు పగలు రాత్రి, ఇంటా బయటా, మనిషి మృగం అంటూ లాయరులా వరం రాయించుకున్నాడు. రాయించుకోని సందులోంచి నరసింహుడు వచ్చాడు. కోరిక నోటితో చెప్పింది ఒకటి, మనసులో ఉన్నది ఇంకొకటి అయినప్పుడు శక్తి దేన్ని వింటుంది? ఈ ఒక్క నియమాన్ని గట్టిగా పెట్టుకుంటే కోరిక దారి చాలావరకు అదుపులో ఉంటుంది.

ఖరీదు సంగతికి మా తిరుపతిలో అందరికీ తెలిసిన కథే ఉంది. పద్మావతితో పెళ్ళికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడు. కలియుగం అంతా ఆ వడ్డీ కడుతున్నాడని నమ్మకం, అందుకే వడ్డీకాసులవాడన్నారు. కోరిక వెంటనే తీరింది, పెళ్ళి జరిగింది. బాకీ మాత్రం యుగం పొడుగునా ఉంది. చాలామంది రచయితలు మాయకు ఖరీదుగా ముక్కులోంచి రక్తం, స్పృహ తప్పడం పెట్టి ఊరుకుంటారు. మర్నాటికి హీరో లేచి తిరుగుతాడు. అది ఖరీదు కాదు, జలుబు. తీరిన కోరికకు వడ్డీ కడుతూ బతకడం ఎలా ఉంటుందో రాయండి.

మునిలక్ష్మిని పూర్తిగా ఈ దారిలో పెడితే, ఇల్లు విడిచినవాళ్ళను వెనక్కి లాగే శక్తి వచ్చింది. ఊళ్ళో అందరి కొడుకులూ అన్నలూ తిరిగొస్తున్నారు, ఆమె తమ్ముడు తప్ప. కథకు ఊపొచ్చింది. కానీ ఇల్లు విడిచిన తమ్ముడున్న ఏ అక్కకైనా ఇది సరిపోతుంది. మరిచిపోని గుణం మళ్ళీ నిరుద్యోగి అయింది.

వేషంతో వచ్చే శక్తి

పుట్టుక, స్వభావం లాంటివి మనిషిని కట్టేస్తాయి, నాకు అవి వద్దు అనేవాళ్ళకు మా ఊళ్ళో ఇంకో దారి ఉంది. ఏటా మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఆడవాళ్ళను చెరబట్టే పాలెగాణ్ణి వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషం కట్టిందని, దొర వేషం కట్టిన రోజు వాడు బయటపడితే తల నరికిందని కథ. భక్తులూ అదే వరసలో వేషాలు కడతారు. బైరాగి వేషానికి ఒంటికి నామంసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గుపొడి, దొర వేషానికి గంధం. మాతంగి వేషం, సున్నపు కుండలు ఆ తర్వాత. బండ వేషం కట్టినవాడు నడిరోడ్డు మీద ఎవర్నైనా నోటికొచ్చినట్టు తిడతాడు, ఎవరూ ఏమీ అనుకోరు. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, మొక్కు తీర్చుకుంటారు.

ఈ నమూనాలో శక్తి మనిషిది కాదు, వేషానిది. ఎవరు కట్టినా వస్తుంది, కడిగేస్తే పోతుంది. స్వభావం ఏమైనా కావచ్చు. అయితే వేషం వెనక మొక్కు ఉంటుంది, మొక్కు వెనక కోరిక ఉంటుంది. మునిలక్ష్మి తమ్ముడు తోటి వేషం కడతానని మొక్కుకుని, కట్టకుండానే వెళ్ళిపోయాడనుకోండి. ఆ బొగ్గు ఈమె పూసుకుంటే, వాడి కోపం ఈమె ఒంటి మీదికొస్తుంది. మొదటిసారి ఆ తగువు వాడి వైపు నుంచి వింటుంది. ఒక్క కథకు, అదీ మంచి పొడుగాటి కథకు, ఇది చక్కగా సరిపోతుంది. సీరియల్‌కు మాత్రం వారానికో వేషం అయిపోయి, డ్రెస్సుల పోటీలా తయారవుతుంది.

ఒక సలహా. ఇది నడుస్తున్న జాతర, నమ్మేవాళ్ళున్న దేవత. వరసలు, రంగులు, నియమాలు మార్చాలనుకుంటే మీ కథలో వేరే ఊరు, వేరే పేరు పెట్టుకోండి.

స్వభావం మీద కోరిక పడితే

శ్రీకాళహస్తి కలంకారీ పని దగ్గరుండి చూసినవాళ్ళకు ఈ సంగతి తేలిగ్గా ఎక్కుతుంది. బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టిన రసంలో వెదురు కలం ముంచి గీస్తారు. ఆ రసంలోని ఇనుము బట్టలోని కరక్కాయ వగరుతో కలిసిన చోట గీత నల్లబడుతుంది. కరక్కాయ పట్టని బట్ట మీద అదే రసంతో గీస్తే ఆ నలుపు రాదు. స్వభావం బట్టలో ముందే ఊరి ఉన్న ఆ వగరు, కోరిక పైనుంచి పడే ఆ రసం. శక్తి రెండూ కలిసిన చోటే తేలుతుంది.

మునిలక్ష్మి దగ్గరికి వద్దాం. ఆమె విన్న మాటను అన్నవాళ్ళు తప్పలేరు. ఇది స్వభావం ఇచ్చిన రూపం. తమ్ముడు రావాలి. ఇది కోరిక. ఇప్పుడు ఆ రోజు గడప దాటుతూ వాడు ఏమన్నాడో గుర్తు చేసుకోండి: "ఈ గడప మళ్ళా తొక్కితే నా పేరు మార్చుకుంటా." ఆమె విన్నది. మరిచిపోలేదు. కాబట్టి వాడు రాలేడు. రావాలనుకున్నా, ఊరి బస్టాండు దాకా వచ్చినా, కాళ్ళు వెనక్కే తిరుగుతాయి. తమ్ముణ్ణి బయట నిలబెట్టింది ఆమె జ్ఞాపకమే. వాడు రావాలంటే ఆ మాట ఆమె మరిచిపోవాలి. మరిచిపోవడం ఆమెకు పుట్టి బుద్ధెరిగి చేతకాని పని.

నేను వేరే మలుపు కోసం వెతుక్కోలేదు. గుణాన్నీ కోరికనూ పక్కపక్కన పెడితే అదే వచ్చింది. భారతంలో అశ్వత్థామ కూడా ఇలాంటి పాత్రే. తలలో మణి పుట్టుకతో వచ్చింది. బ్రహ్మశిరోనామకాస్త్రం తండ్రి నేర్పాడు. పగ మాత్రం అతని సొంతం. వదలడం వచ్చు, వెనక్కి తీసుకోవడం రాదు. అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించుకున్నాడు, అశ్వత్థామ వల్ల కాలేదు. చివరికి పుట్టుకతో వచ్చిన మణినే ఇవ్వాల్సి వచ్చింది. పుట్టుక, విద్య, స్వభావం, కోరిక నాలుగూ ఒకే మనిషిలో ఢీకొన్నాయి.

ఈ దారికి కష్టం ఎక్కువ. రాయడం మొదలెట్టకముందే పాత్ర గురించి చాలా తెలిసి ఉండాలి. సినిమా ట్విస్టుల్లా మధ్యలో కొత్త శక్తులు చేర్చడం కుదరదు. మునిలక్ష్మికి ఎగరడం రాదు, రాకూడదు. పది పాత్రలుంటే పదింటికీ ఇంత లోతుగా చెయ్యలేరు. ఇద్దరికి చెయ్యండి, చాలు. మిగతావాళ్ళకు పుట్టుకో విద్యో ఇచ్చి పక్కన నిలబెట్టినా కథకు లోటు రాదు.

మరి ఏది తీసుకోవాలి?

పిల్లల కథో, పది పేజీల కథో అయితే పుట్టుకనే తీసుకోండి, మొహమాటపడక్కర్లేదు. కథ అంతా ఒక్క పండగ చుట్టూ, ఒక్క రాత్రి చుట్టూ తిరిగేదైతే వేషం. వారం వారం ఎపిసోడ్లు ఇవ్వాల్సినవాళ్ళు కోరిక మారుతూ పోయే దారి పట్టుకుంటే ఊపిరి అందుతుంది, కాకపోతే వడ్డీ లెక్క ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి, లేదంటే చదివేవాళ్ళే మీకు గుర్తు చేస్తారు. ఒక్క నవలే రాస్తాను, దాన్ని ఆరాముగా రాస్తాను అనేవాళ్ళు స్వభావం, కోరిక కలిపిన దారికి రండి. ఇక హార్డ్ మ్యాజిక్ (నియమాలు విడమరిచి చెప్పేది), సాఫ్ట్ మ్యాజిక్ (చెప్పకుండా వదిలేసేది) అంటూ నియమాలు ఎంతవరకు చెప్పాలన్న తర్జనభర్జన ఉంది కదా, దాన్ని ఈ ఎంపిక అయ్యాకే పెట్టుకోండి. స్వభావం నుంచి వచ్చిన శక్తికి సగం నియమాలు ఆ మనిషిని చూస్తేనే అర్థమైపోతాయి.

ఏ దారైనా సరే, శక్తి గెలిచే సన్నివేశం కంటే ముందు అది విఫలమయ్యే సన్నివేశం రాసి చూడండి. పుట్టుక దారిలో అది సాధారణంగా ఇంకా పెద్ద శక్తి ఎదురైనప్పుడు వస్తుంది, అందుకే ఒకటి రెండుసార్లకు చప్పబడిపోతుంది. విద్య దారిలో ఏదో మరిచిపోయినప్పుడు వస్తుంది. మునిలక్ష్మికి నేను రాసుకున్నది ఇలా ఉంది: పెద్దమ్మ చావుబతుకుల్లో ఉంది, చిన్నప్పుడు అన్న మాటకు క్షమించమని అడుగుతోంది. "ఆ మాట మరిచిపోయినాలే పెద్దమ్మా" అంటుంది మునిలక్ష్మి. అది అబద్ధం. కానీ అన్నది ఆమె, విన్నదీ ఆమె చెవులే. అన్న మాట తప్పడానికి లేదు. పెద్దమ్మ మాట చీర రంగుతో సహా ఆ క్షణమే పోతుంది. తమ్ముణ్ణి ఇంటికి తెచ్చే దారి అప్పుడు దొరుకుతుంది. దానికి ఎంత పోగొట్టుకోవాలో కూడా ఆమెకు అప్పుడే తెలుస్తుంది.